1,999 రూపాయల ఫోను ఏమైంది?



2014 ఆగస్టు ఆఖరి వారంలో మన దేశంలో ఒక ఫోను అమ్మకానికొచ్చింది. పేరు ఇంటెక్స్ క్లౌడ్ ఎఫ్ఎక్స్. ధర 1,999 రూపాయలు. టచ్ ఫోను ఆ ధరకి దొరకడం అప్పట్లో వింతే. మూడున్నర అంగుళాల తెర, రెండు సిమ్ములు, రెండు మెగాపిక్సెళ్ల కెమెరా, 128 ఎంబీ ర్యామ్. ఇవాళ మామూలు ఫోన్లలో కూడా ర్యామ్ నాలుగు జీబీ ఉంటోంది, అంటే దానికి 32 రెట్లు. అంత కొద్ది సరంజామాతో ఆ ఫోన్ని నడిపించిన ఆపరేటింగ్ సిస్టమ్ పేరు ఫైర్‌ఫాక్స్ ఓఎస్. మొజిల్లా అనే లాభాపేక్ష లేని సంస్థ దాన్ని తయారుచేసింది. దాని కోడు ఎవరైనా తీసుకోవచ్చు, చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, మళ్లీ పంచిపెట్టొచ్చు. ఎవరికీ దమ్మిడీ కట్టనక్కర్లేదు.

ఆ ఫోను వచ్చిందీ తెలియలేదు, పోయిందీ తెలియలేదు. కానీ మూడేళ్లు తిరిగేసరికి దాని వారసుడు మారుపేరుతో మన ఊళ్లలోకి దిగాడు. చుండూరులో, మోదుకూరులో, తెనాలి సందుల్లో జనం చేతుల్లోకి వచ్చాడు. వాళ్లలో చాలామందికి తమ చేతిలో ఉన్నది ఎక్కడ పుట్టి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. ఈ పూట ఆ ముచ్చటే.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఫోనుకి మూల ప్రోగ్రాము. మీరు తెర మీద వేలు పెట్టగానే ఎక్కడ పెట్టారో చూసుకోవాలి. ఏ యాప్ తెరవాలో తేల్చుకోవాలి. కెమెరాని లేపాలి, సిగ్నల్ వెతకాలి, బ్యాటరీ ఖర్చు చూసుకోవాలి, ఒక యాప్ వెళ్లి ఇంకో యాప్ సొమ్ములో చెయ్యి పెట్టకుండా కాపలా కాయాలి. ఇదంతా చేసేది అదే. రిపేరు షాపుకెళ్తే "సాఫ్ట్‌వేర్ పోయిందండీ, ఎక్కించాలి" అంటాడు చూడండి, వాడు ఎక్కించేది దీన్నే.

ఇక ఓపెన్ సోర్స్ సంగతి. మన డెల్టాలో ఇది చెప్పడం తేలిక. బీపీటీ 5204 తెలియని రైతు ఇక్కడ ఉండడు. సాంబ మసూరి. ఆ బీపీటీ మన బాపట్లే. అక్కడి వరి పరిశోధన కేంద్రంలో తయారై 1986లో విడుదలైంది. రైతు తన కల్లంలో గింజల్నే దాచుకుని మరుసటేడు నారు పోసుకోవచ్చు, వియ్యంకుడికి రెండు బస్తాలు ఇవ్వొచ్చు. అన్నానికి అంత పేరున్న రకమే గానీ బాక్టీరియా ఎండాకు తెగులు తగిలితే తట్టుకోలేదు. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు, వరి పరిశోధన సంచాలకాలయం వాళ్లు కలిసి ఆ రకాన్నే తీసుకున్నారు. తెగుల్ని ఆపే జన్యువులు మూడు అందులోకి చేర్చారు. 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరి అని బయటికొచ్చింది. అన్నం అదే, రోగం మాత్రం రాదు. అదే హైబ్రిడ్ మొక్కజొన్న చూడండి. పండిన గింజ మళ్లీ వేస్తే అదే పంట రాదు, కాబట్టి ఏటా దుకాణానికి వెళ్లాల్సిందే. దాని తల్లి తండ్రి రకాలు కంపెనీ గడప దాటి రావు. కోడు తెరిచి ఉన్న సిస్టమ్ బీపీటీ లాంటిది. ఎవరో ఒకచోట మొదలుపెడతారు, తెగులు కనిపెట్టినవాడు ఇంకోచోట బాగుచేస్తాడు.

ఫోన్లలో ఈ పద్ధతిని ప్రపంచమంతా పాకించింది ఆండ్రాయిడ్. 2003లో ఆండీ రూబిన్, మరి ముగ్గురు కలిసి అమెరికాలో పెట్టిన చిన్న కంపెనీ అది. 2005లో గూగుల్ కొనేసింది. 2007 నవంబర్ 5న 34 కంపెనీలు ఓపెన్ హ్యాండ్‌సెట్ అలయన్స్ అనే పేరుతో జట్టుకట్టి, ఫోన్లకి అందరికీ అందుబాటులో ఉండే సిస్టమ్ తెస్తున్నామని ప్రకటించాయి. 2008 అక్టోబర్ 21న కోడు బయటపెట్టారు. ఆ మర్నాడే హెచ్‌టీసీ తయారుచేసిన టీ-మొబైల్ జీ1 అనే మొదటి ఆండ్రాయిడ్ ఫోను అమెరికాలో అమ్మకానికొచ్చింది. తెర జరిపితే బయటికొచ్చే కీబోర్డు ఉన్న లావుపాటి ఫోను. ఇవాళ చూస్తే పిల్లలు నవ్వుతారు.

దాని అడుగున ఉన్నది లైనక్స్ కెర్నెల్. ఫిన్లాండులో కాలేజీ కుర్రాడిగా లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టింది. దానికి జీపీఎల్ అనే లైసెన్సు ఉంది. నువ్వు మార్చి ఇంకొకరికి అమ్మితే, నీ మార్పుల కోడు కూడా ఇవ్వాలి అని ఆ లైసెన్సు కట్టడి చేస్తుంది. పైన ఉండే ఆండ్రాయిడ్ భాగానికి గూగుల్ వేరే లైసెన్సు ఎంచుకుంది, అపాచీ. ఇందులో తీసుకో, మార్చుకో, నీ మార్పులు దాచుకున్నా ఫర్వాలేదు. ఫోను కంపెనీలు పరుగెత్తుకొచ్చింది ఈ రెండోదాన్ని చూసే. లాయర్లు తప్ప ఎవరూ పట్టించుకోని ఈ తేడాని కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

మీ ఫోనులో సెట్టింగ్స్ తెరవండి. అట్టడుగున అబౌట్ ఫోన్ అని ఉంటుంది. అందులో లీగల్ ఇన్ఫర్మేషన్, అందులో థర్డ్ పార్టీ లైసెన్సెస్ లేదా ఓపెన్ సోర్స్ లైసెన్సెస్. నొక్కితే కాసేపు తిరిగి తిరిగి ఒక జాబితా వస్తుంది. చిన్న చిన్న ఇంగ్లీషు అక్షరాలు. వేలితో తోస్తూ పోతే తరగదు. మీ ఫోనులో పనిచేస్తున్న ఒక్కొక్క ముక్కా ఎవరిది, ఏ షరతు మీద మీదాకా వచ్చిందో అక్కడ రాసి ఉంటుంది. పొలం దస్తావేజుకి లింకు డాక్యుమెంట్లు ఉండవా, ఇవీ అంతే. ఎవరూ చదవరు, లేకపోతే మాత్రం కుదరదు.

సరే, ఆండ్రాయిడ్ తెరిచే ఉందిగా, మరి మొజిల్లా వాళ్లకి వేరుకుంపటి ఎందుకు? ఎందుకంటే ఆండ్రాయిడ్‌లో తెరిచి ఉన్నది సగమే. ప్లే స్టోరు, మ్యాపులు, యూట్యూబు, జీమెయిలు, ఇవన్నీ గూగుల్ సొంత కోడు, బయటికివ్వరు. ప్లే స్టోరు లేని ఫోన్ని మన దుకాణంలో ఎవరూ కొనరు. ప్లే స్టోరు కావాలంటే కంపెనీలు గూగుల్‌తో ఒప్పందం రాసుకోవాలి. ఆ ఒప్పందాల్లో ఒకటి అప్పట్లో ఏమనేదంటే, ఆండ్రాయిడ్ కోడు తీసుకుని నీ ఇష్టం వచ్చినట్టు మార్చిన వేరు రకం ఫోన్లు నువ్వు ఇంకెక్కడా తయారుచెయ్యకూడదు అని. లైసెన్సు మార్చుకోమంటుంది, ఒప్పందం వద్దనేది. చదివినప్పుడు నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత రాలేదు.

మొజిల్లా ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుతో పేరు తెచ్చుకున్న సంస్థ. మన తెలుగువాళ్లకి ఆ బ్రౌజరు మీద పాత ఋణం ఒకటుంది. తెలుగు పత్రికలు ఇంటర్నెట్టులోకి వచ్చిన కొత్తలో ఒక్కొక్క పత్రికకి ఒక్కొక్క ఫాంటు. ఆ ఫాంటు మీ కంప్యూటర్లో లేకపోతే తెరనిండా పిచ్చి గీతలే. తెలుగు వికీపీడియాని 2003 డిసెంబరులో ప్రారంభించిన వెన్న నాగార్జున గారు పద్మ అనే పనిముట్టు తయారుచేశారు. ఫైర్‌ఫాక్స్‌కి తగిలిస్తే ఆ గీతల్ని చదవగలిగే యూనికోడ్ తెలుగులోకి మార్చేది. బ్రౌజరు లోపలికి బయటివాళ్లు వచ్చి పని చేసుకునే వీలుండబట్టి అమెరికాలో కూర్చున్న తెలుగాయనకి అది సాధ్యపడింది.

2011 జూలైలో మొజిల్లా ఇంజినీర్లు ఒక ఆలోచన బయటపెట్టారు. యాప్‌లన్నీ వెబ్ పేజీలు రాసే భాషలోనే రాస్తే? అప్పుడు ఫోనుకి బ్రౌజరే చాలు, దాన్నే ఆపరేటింగ్ సిస్టమ్ చేసేద్దాం అన్నారు. పైన కనిపించే తెరకి గాయా అని, నడిపే ఇంజనుకి గెకో అని, అడుగున లైనక్స్ ఉన్న పొరకి గాంక్ అని పేర్లు పెట్టుకున్నారు. 2013 జూలైలో స్పెయిన్లో జెడ్‌టీఈ ఓపెన్ అనే ఫోనుతో 69 యూరోలకి అమ్మకం మొదలైంది. ఏడాది తిరిగాక మన దగ్గర 1,999. స్పైస్ వాళ్లు కూడా ఇంకో రెండు మూడొందలు ఎక్కువ పెట్టి ఒకటి తెచ్చారు.

ఆలోచన మంచిదే. దాన్ని ముంచింది మాత్రం ఒక్క ప్రశ్న. దుకాణంలో ఫోను చేతికి తీసుకున్న కుర్రాడు తిప్పి చూసి అడిగేది ఒకటే, "వాట్సాప్ వస్తుందా?" ఫైర్‌ఫాక్స్ ఓఎస్‌కి వాట్సాప్ కంపెనీ తన యాప్ ఇవ్వలేదు. ఎవరో రాసిన మారుదారి యాప్‌లు ఉండేవి, ఒకరోజు పనిచేస్తే ఒకరోజు లేదు. కోడు తెరిచి ఉంది కదా, ఎవడికి కావాలంటే వాడు వాట్సాప్ రాసుకోవచ్చు కదా అంటే కుదరదు. వాట్సాప్ వాళ్ల సర్వరు తలుపు వాళ్ల చేతిలో ఉంది. ఫోనులో ఎంత స్వేచ్ఛ ఉన్నా అవతలి గడప దగ్గర అది చెల్లదు. పైగా 128 ఎంబీలో రెండు పేజీలు తెరిస్తే మూడోది మొరాయించేది. ఆ నెల రోజుల్లోనే, 2014 సెప్టెంబరు 15న, గూగుల్ నుంచి సుందర్ పిచాయ్ ఢిల్లీకి వచ్చి ఆండ్రాయిడ్ వన్ ఫోన్లు మూడింటిని 6,399 రూపాయల నుంచి మొదలయ్యే ధరలకి విడుదలచేశారు. ధరలో మూడు రెట్లు తేడా ఉన్నా జనం ఆండ్రాయిడ్ వైపే మొగ్గారు. 2015 డిసెంబరులో మొజిల్లా ఫోన్ల అమ్మకాలు మానేస్తున్నామని చెప్పేసింది.

మూసి ఉన్న సిస్టమ్ అయితే కథ అక్కడితో సరి. కంపెనీ చేతులెత్తేస్తే కోడు కంపెనీ బీరువాలోనే ఉండిపోతుంది. ఇది తెరిచి ఉన్నది కాబట్టి కైఓఎస్ టెక్నాలజీస్ అనే కంపెనీ వచ్చి ఆ కోడు తీసుకుంది. టచ్ తెరని పక్కనపెట్టింది. బటన్ల ఫోనుకి దాన్ని సరిదిద్దింది. తక్కువ ర్యామ్‌లో నడవడమనే గుణం ఎలాగూ పుట్టుకతో ఉంది. 2017 జూలై 21న ముఖేష్ అంబానీ తమ వాటాదారుల సమావేశంలో జియోఫోను ప్రకటించారు. 1,500 రూపాయలు డిపాజిట్టు కట్టాలి, మూడేళ్లకి తిరిగిస్తామన్నారు. 4జీ ఉంది, 22 భారతీయ భాషలున్నాయి. లోపల ఉన్నది కైఓఎస్. అంటే 1,999 రూపాయల ఫోనులో ప్రాణం పోయిందనుకున్న సిస్టమే.

మా వీధిలో ఒక పెద్దావిడ దగ్గర ఆ ఫోను ఇంకా ఉంది. వెనక మూత ఊడితే రబ్బరు బ్యాండు వేసింది. బటన్ల మీద అంకెలు అరిగిపోయాయి, అయినా ఆమెకి అక్కర్లేదు, వేలికి తెలుసు. మధ్యలో చదరపు బటను, దానికి నాలుగు పక్కలా నొక్కే చోట్లు. కొడుకు నంబరుకి ఏ బటను నొక్కి పట్టుకోవాలో కూతురు నేర్పింది. మెనూ తెలుగులో పెట్టించుకుంది. సాయంత్రం అరుగు మీద కూర్చుని ఇయర్‌ఫోను తీగ తగిలించి ఎఫ్ఎం పెట్టుకుంటుంది. ఆ తీగే ఏరియల్ అని, తీసేస్తే రేడియో పలకదని ఎవరూ చెప్పకుండానే పట్టేసింది. ఒకరోజు అడిగాను, "పెద్దమ్మా, మీ అబ్బాయి టచ్ ఫోను కొనిపెడతానన్నాడు గదా, తీసుకోలేదేం?" అని. "నాకెందుకు నాయనా, దాన్ని తాకితే ఒకటి, తాకకపోతే ఒకటి. ఇదైతే నొక్కితేనే పలుకుద్ది" అంది. ఈమాట ఎవరైనా మొజిల్లా ఇంజినీర్ల చెవిన వేస్తే బాగుండు.

2018 సెప్టెంబరులో జియోఫోనుకి వాట్సాప్ వచ్చింది. అంతకుముందు అది రాలేదని ఒక సిస్టమ్ మూతపడింది, దాని వారసుడికి అదే వాట్సాప్ తనంతట తను నడిచొచ్చింది. ఎందుకొచ్చిందంటే వెనక ఉన్నది కోట్ల చందాదారులున్న కంపెనీ కాబట్టి. తీసేయడమూ అలాగే జరిగింది. 2024 జూన్‌లో కైఓఎస్ ఫోన్లలో కొత్తగా వాట్సాప్ దించుకునే వీలు ఆపేశారు. రెండు సందర్భాల్లోనూ సిస్టమ్ బాగోగులతో ఆ నిర్ణయానికి పనిలేదు.

ఇందాక లైసెన్సు సంగతి గుర్తుంచుకోమన్నాను. ఫైర్‌ఫాక్స్ ఓఎస్‌లో గాయా అనే పై పొర అపాచీ లైసెన్సు కింద ఉంది. దాన్ని తీసుకున్న కైఓఎస్ వాళ్లు తమ మార్పులు చాలావరకు బయటపెట్టలేదు. చట్టప్రకారం తప్పు లేదు, లైసెన్సే ఒప్పుకుంది. అడుగున కెర్నెల్‌కి మాత్రం జీపీఎల్ కాబట్టి కోడు ఇచ్చితీరాలి. ఒకే ఫోనులో కింద అంతస్తు తలుపు తీసి ఉంటుంది, పై అంతస్తుకి తాళం. ఉచితంగా ఇచ్చినవాడు చచ్చిపోయాక పుచ్చుకున్నవాడు తాళం వేసుకున్నాడు అని కొందరు దెప్పుతారు. నా మటుకు నాకు, పూర్తిగా పోవడం కన్నా ఇది నయమే అనిపిస్తుంది. మొజిల్లా వాళ్లు కఠినమైన లైసెన్సు పెట్టుంటే మాత్రం ఆ పెద్దావిడ చేతిలో ఉన్నదాన్ని మన కుర్రాళ్లు విప్పి చూసి ఇంకా నాలుగేళ్లు నడిపించేవాళ్లు, ఆ వెలితి వెలితే.

కుర్రాళ్లంటే గుర్తొచ్చింది. తెనాలి బోసు రోడ్డు దగ్గర ఒక సందులో చిన్న రిపేరు షాపుంది. ఇద్దరు నిలబడితే మూడోవాడికి చోటుండదు. బల్ల మీద హాట్ గన్, పంటిపుల్లల్లాంటి స్క్రూడ్రైవర్లు, అట్టపెట్టె నిండా విరిగిన డిస్‌ప్లేలు. ఒకాయన ఫోను తెచ్చిచ్చాడు. ఆన్ చేస్తే కంపెనీ లోగో వస్తుంది, అక్కడే ఆగిపోతుంది, మళ్లీ ఆరిపోతుంది. షాపు కుర్రాడు పవరు బటన్ని, సౌండు తగ్గించే బటన్ని కలిపి నొక్కి పట్టుకున్నాడు. తెర మీద నల్లటి పేజీలో చిన్న అక్షరాలు వచ్చాయి. కేబులు పెట్టి కంప్యూటరుకి తగిలించాడు. కంప్యూటర్లో ఫోల్డర్లే ఫోల్డర్లు, ఒక్కో మోడలుకి ఒక్కో ఫైలు. ఎంచుకుని నొక్కాడు. గీత మెల్లగా నిండుతోంది. కేబులు కదిలిస్తే ఫోను డెడ్డే అని ఆయన్ని బల్ల మీద చెయ్యి కూడా ఆనించనివ్వలేదు.

ఫోను లేచింది. కానీ ఎక్కింది పాత వెర్షనే. కంపెనీ ఆ మోడలుకి అప్‌డేట్లు ఎప్పుడో ఆపేసింది. "బ్యాంకు యాప్ ఎక్కుద్దా?" అని ఆయన అడిగాడు. "వెర్షన్ పాతది బాబాయ్, అది ఒప్పుకోదు" అన్నాడు కుర్రాడు. నేనుండబట్టలేక, కొత్త ఆండ్రాయిడ్ కోడు ఉచితంగానే దొరుకుతుందిగా, లీనేజ్ ఓఎస్ లాంటిది ఎక్కించకూడదా అన్నాను. వాడు నవ్వాడు. "కోడు ఓపెనే సార్. ఈ ఫోను బూట్‌లోడర్ ఓపెన్ అవ్వాలి గదా. తాళం కంపెనీ దగ్గరుంది." బూట్‌లోడర్ అంటే ఫోను వెలగగానే సిస్టమ్‌ని లేపే ప్రోగ్రాము.

లీనేజ్ గురించి రెండు ముక్కలు. స్టీవ్ కోండిక్ అనే ప్రోగ్రామరు 2009లో సయనోజెన్‌మాడ్ పేరుతో ఆండ్రాయిడ్‌ని తిరగరాసి పంచడం మొదలుపెట్టాడు. కంపెనీలు వదిలేసిన పాత ఫోన్లకి కొత్త వెర్షన్లు వచ్చేవి. అది పెద్దదై కంపెనీ అయింది. 2014 డిసెంబరులో మైక్రోమ్యాక్స్ వాళ్ల యూ యురేకా ఫోనుతో మన దేశంలోకీ వచ్చింది. 2016 ఆఖర్న కంపెనీ ఈ పని మానేసింది. కోడు మాత్రం స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు చేతుల్లోకి తీసుకుని లీనేజ్ ఓఎస్ అని పేరు మార్చి ఇప్పటికీ నడుపుతున్నారు. తాళం తీసే వీలున్న ఫోనుంటే మీరూ వేసుకోవచ్చు. ముందు ఫోటోలన్నీ వేరేచోట దాచుకోండి, ఎందుకంటే తాళం తీసిన క్షణాన ఫోనులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది.

ఇక తెలుగు. మొదటి ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు మెసేజి వస్తే వరసగా డబ్బాలు కనిపించేవి. డబ్బా, డబ్బా, కామా, డబ్బా. తర్వాత అక్షరాలొచ్చాయి గానీ ఒత్తులు పక్కకి దొర్లిపోయేవి, గుడి ఒకచోట, హల్లు ఒకచోట. ఫోను మెనూలు పూర్తిగా తెలుగులో రావడం 2014 చివర్లో లాలీపాప్ అనే 5వ వెర్షనుతో మొదలైంది. ఆ విడతలో తెలుగుతోపాటు కన్నడం, తమిళం, మలయాళం, మరాఠీ, బెంగాలీ కూడా చేరాయి. కోడు తెరిచిన ఆరేళ్లకి. తెరిచిపెట్టినంత మాత్రాన ఎవరో వచ్చి మన పని చేసిపెడతారనుకోవడం ఉత్త భ్రమ. మన అక్షరాల పని మనవాళ్లే పూనుకుని చేశారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లు ఉచితంగా ఇచ్చారు. సిలికానాంధ్ర వాళ్లు తెలుగు ఫాంట్లు కొన్నింటిని ఎవరైనా వాడుకునేలా స్వేచ్ఛా లైసెన్సుతో విడుదలచేశారు. మండలి, సూరన్న, గురజాడ, గిడుగు, తిమ్మన, ఇలా పేర్లు. వాటిలో ఒకదాని పేరు తెనాలి రామకృష్ణ. మన తాలూకా పేరు ప్రపంచంలో ఏ మూలనైనా ఫాంట్ల జాబితాలో కనిపిస్తుందంటే అది ఆ లైసెన్సు చలవే.

మూసి ఉన్న వైపు ఏం జరిగిందో కూడా చెప్పాలి. 2018 ఫిబ్రవరిలో ఒక వింత జరిగింది. ఐఫోనుకి ఒక తెలుగు అక్షరం పంపిస్తే చాలు, మెసేజి యాప్ కుప్పకూలిపోయేది. ఏ అక్షరమనుకున్నారు? జ్ఞా. విజ్ఞానంలో ఉండే జ్ఞా. అందులో జ కింద ఞ ఒత్తు, మధ్యలో కంటికి కనపడని విడదీత గుర్తు ఒకటి, ఆపైన దీర్ఘం, ఆ వరసలో వస్తే ఆపిల్ వాళ్ల అక్షరాలు పేర్చే ప్రోగ్రాముకి చుక్కలు కనిపించేవి. ఎక్కడ తప్పుందో బయటివాళ్లు ఊహించడమే తప్ప లోపలికి చూసే దారి లేదు. ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6 వెర్షను ఇచ్చి సరిచేసింది. ఆండ్రాయిడ్‌లోనూ, ఫైర్‌ఫాక్స్‌లోనూ ఈ అక్షరాలు పేర్చే పని చేసే ప్రోగ్రాము హార్ఫ్‌బజ్. దానిలోనూ తప్పులొస్తాయి. కాకపోతే దాని కోడు అందరిముందూ ఉంటుంది, తెలుగు వచ్చినవాడు వెళ్లి, అయ్యా ఇక్కడ వట్రసుడి సరిగ్గా పడటంలేదు, ఇదిగో ఇలా మార్చండి అని చెప్పొచ్చు.

ఇప్పుడు మన ప్రభుత్వం వైపు. 2022 అక్టోబర్ 20న కాంపిటీషన్ కమిషన్ గూగుల్ మీద 1,337 కోట్ల 76 లక్షల రూపాయల జరిమానా వేసింది. ఇందాక చెప్పిన ఒప్పందాలే అందులో ముఖ్యమైన అభియోగం. 2023 జనవరి 19న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వుని నిలిపివేయడానికి ఒప్పుకోలేదు. వారం తిరగకముందే గూగుల్ మెత్తబడింది. మన దేశంలో కంపెనీలు ఆండ్రాయిడ్‌ని తమ ఇష్టానికి మార్చుకుని వేరు రకాలు తయారుచేసుకునే వీలుకూడా కల్పిస్తామంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మద్రాసు ఐఐటీ వాళ్లు భార్ ఓఎస్ ప్రకటించారు. జనవరి 24న కేంద్రమంత్రులు ధర్మేంద్ర ప్రధాన్, అశ్వినీ వైష్ణవ్ దాన్ని పరీక్షించి చూశారు. ఐఐటీ అండతో జాండ్‌కాప్స్ అనే కంపెనీ తయారుచేసింది. పునాది ఆండ్రాయిడ్ ఓపెన్ కోడే. కొన్నప్పుడే బలవంతంగా కూర్చోబెట్టిన యాప్‌లు ఉండవు, ఏ యాప్‌కి ఏ అనుమతి ఇవ్వాలో వాడేవాడి చేతిలోనే ఉంటుందన్నారు. రహస్యాలు కాపాడుకోవాల్సిన సంస్థల కోసం ముందుగా అని చెప్పారు.

అప్పట్లో స్వదేశీ అని కొందరు చప్పట్లు కొట్టారు, ఆండ్రాయిడ్‌కి బొట్టు పెట్టారని కొందరు ఎగతాళి చేశారు. ఎగతాళికి అర్థం లేదు, తెరిచి ఉన్న కోడు తీసుకోవడానికే ఉంది. చప్పట్లు కొట్టేముందు మాత్రం ఒకటి చూడాలి. చాలా బ్యాంకు యాప్‌లు తెరవగానే గూగుల్‌ని అడుగుతాయి, ఈ ఫోను నీ గుర్తింపు ఉన్నదేనా అని. దానికి ప్లే ఇంటెగ్రిటీ అని పేరు. గూగుల్ లేదంటే యాప్ వెనక్కి తిరిగిపోతుంది. సిస్టమ్ ఎంత శుభ్రంగా ఉన్నా సరే. రేపు చుండూరు రైతు ఇలాంటి సిస్టమ్ ఉన్న ఫోను కొంటే దాంట్లో యూపీఐ నడవాలి, వ్యవసాయ సహాయకుడు చేలో నిలబడి ఈ-పంట నమోదు చేసుకునే యాప్ నడవాలి. 2014లో వాట్సాప్ ఉన్న చోట ఇవాళ ఇవున్నాయి. ప్రభుత్వం నిజంగా పూనుకుంటే చెయ్యగలిగింది ఇక్కడే. తన యాప్‌లన్నీ గూగుల్ సంతకం లేని సిస్టమ్‌ల మీద కూడా నడిచేలా రాయించొచ్చు, బ్యాంకులకీ చెప్పొచ్చు.

బాపట్లలో, గుంటూరులో ఇంజినీరింగ్ చదివే పిల్లలు కొందరు ఇది వింటూ ఉంటారు. ఆండ్రాయిడ్ కోడు మొత్తం దించుకుని సొంతంగా కట్టి చూడాలని సరదా పడితే, కంప్యూటర్లో 400 జీబీ ఖాళీ, 64 జీబీ ర్యామ్ ఉండాలని గూగుల్ వాళ్లే రాసిపెట్టారు. ఇంట్లో ల్యాప్‌టాపుతో అయ్యే పని కాదు. కాలేజీ ల్యాబులో అలాంటి యంత్రం ఒకటుంటే పదిమంది వంతులవారీగా వాడుకోవచ్చు, మీ ప్రిన్సిపాలుగారిని అడగండి. 2025 మార్చి నుంచి గూగుల్ తన పనంతా లోపలే చేసుకుని, వెర్షను తయారయ్యాకే కోడు బయటపెడుతోంది. కాబట్టి మీకు అందేది వండిన వంటే, పొయ్యి దగ్గర నిలబడనివ్వరు. లీనేజ్ వాళ్లు నిలబడనిస్తారు. వాళ్ల దగ్గర తెలుగు అనువాదంలో చెయ్యాల్సిన పని ఎప్పుడూ ఉంటుంది, దానికి 64 జీబీ అక్కర్లేదు. మీ ఇంట్లో మూలన పడి ఉన్న పాత ఫోను వాళ్ల జాబితాలో ఉందేమో చూసుకోండి. ఉంటే బూట్‌లోడరు తాళం తీయనిచ్చే కంపెనీదో కాదో కనుక్కోండి. ఆ తర్వాత ఆదివారం ఖాళీ చేసుకోండి, కేబులు మాత్రం కదిలించకండి.